గీత ఎక్కడ గీస్తే అక్కడిదాకే నగరం
పాఠకుల ప్రశ్నలు – జవాబులు: నగరాల అధ్యయనం

ప్రశ్న: భూగోళశాస్త్రంలో పీజీ చేస్తున్నాను. ప్రాజెక్టుకు ఒక నగరాన్ని ఎంచుకున్నాను. పురపాలక సంస్థ లెక్కలో ఒక జనాభా, అంతర్జాతీయ నివేదికలో దానికి దాదాపు రెట్టింపు కనిపిస్తున్నాయి. ఏది రాయాలి?

జవాబు: రెండూ సరైనవే కావచ్చు. పేరు ఒకటే గానీ కొలిచిన నేల వేరు. ఏ నగరానికైనా కనీసం మూడు హద్దులుంటాయి. పురపాలక సంస్థ పన్ను వసూలు చేసే మేర మొదటిది. ఇళ్లూ రోడ్లూ ఎడతెగకుండా సాగిన మేర రెండోది. రోజూ పనికోసం ఆ నగరానికి వచ్చిపోయే జనం ఉన్న ఊళ్లన్నిటినీ కలుపుకున్న మేర మూడోది.

టోక్యోనే చూడండి. 23 ప్రత్యేక వార్డుల వరకే తీసుకుంటే జనాభా సుమారు 97 లక్షలు. టోక్యో మహానగర ప్రభుత్వం కింద ఉన్న భూభాగమంతా అయితే 1.4 కోట్లు. చుట్టుపక్కల జిల్లాల్లోకి విస్తరించిన నగర ప్రాంతమంతా లెక్కిస్తే 3.7 కోట్లు. చైనాలోని చోంగ్‌చింగ్‌ది సరిగ్గా దీనికి ఎదురు. ఆ పురపాలిక విస్తీర్ణం 82,400 చ.కి.మీ., ఇంచుమించు ఆస్ట్రియా దేశమంత. 2020 జనగణనలో అక్కడ 3.2 కోట్ల మంది ఉన్నారు. అయితే ఆ హద్దుల్లో కొండలు, పొలాలు, పల్లెలు బోలెడు. దాన్ని ప్రపంచంలోకెల్లా పెద్ద నగరంగా చూపించే జాబితాలు ఈ సంగతి దాటేస్తాయి.

కాబట్టి మీరు అడుగుతున్న ప్రశ్నే హద్దును నిర్ణయించాలి. పన్నులు, చెత్త సేకరణ, ఎన్నికల లాంటి అంశాలైతే పాలనా హద్దు చాలు. నేల వాడకం, వరద, వేడి అయితే కట్టడాలున్న మేర తీసుకోవాలి. ఉద్యోగాలు, అద్దెలు, రవాణా అయితే రాకపోకల మేర తప్ప ఇంకేదీ పనికిరాదు.

వేరే దేశపు నగరంతో పోల్చదలిస్తే మాత్రం దేశీయ నిర్వచనాలను పక్కన పెట్టండి. డెన్మార్క్‌లో 200 మంది ఒకచోట ఉంటే పట్టణ ఆవాసం కిందే లెక్క. జపాన్‌లో నగర హోదాకు మామూలుగా 50,000 మంది కావాలి. భారత జనగణన 5,000 జనాభా, చ.కి.మీ.కు 400 సాంద్రత, ప్రధాన పనివాళ్లయిన మగవారిలో 75 శాతం మంది వ్యవసాయేతర పనుల్లో ఉండడం, పురపాలక హోదా లేని ఊరైతే ఈ మూడూ కలిస్తేనే పట్టణం అంటుంది. అమెరికా 2020 జనగణన నుంచి తన కనీస సంఖ్యను 2,500 నుంచి 5,000కు పెంచింది. 2018లో ప్రపంచ జనాభాలో 55 శాతం పట్టణాల్లో ఉన్నారని ఐక్యరాజ్యసమితి చెప్పిన లెక్క కూడా ఇలా ఏ దేశానికి ఆ దేశం పెట్టుకున్న కొలతల కూడికే.

ఈ చిక్కు తీర్చడానికే 2020 మార్చిలో ఐక్యరాజ్యసమితి గణాంక సంఘం ఒక ఉమ్మడి పద్ధతిని ఆమోదించింది. పటాలు గీసే ఉచిత సాఫ్ట్‌వేర్ క్యూజీఐఎస్‌లో మీరే చేసుకోవచ్చు. నేలను 1 కి.మీ. గడులుగా విభజించండి. 1,500 మందికి తగ్గని గడులను ఏరండి. వాటిలో ఒకదానికొకటి పక్కపక్కనో పైనా కిందో ఆనుకున్నవాటిని గుంపు చేయండి. మూలలు మాత్రమే తగిలే గడులను ఈ దశలో కలపకూడదు. మధ్యలో మిగిలిన ఖాళీలను పూడ్చండి. గుంపు మొత్తం 50,000 దాటితే అది నగర కేంద్రం. పట్టణ సమూహాలకు హద్దు వేరు: గడికి 300 మంది, మొత్తం 5,000, ఇక్కడ మూలలు తగిలినా కలపవచ్చు. ఆ తర్వాత, ఉద్యోగాలు చేసేవాళ్లలో కనీసం 15 శాతం మంది ఈ నగరానికే వచ్చిపోతున్న స్థానిక పాలనా ప్రాంతాలను చేరిస్తే రాకపోకల మేర వస్తుంది.

విద్యార్థులు బోల్తా పడేది రెండు చోట్ల. మొదటిది ప్రొజెక్షన్, అంటే గుండ్రటి భూమిని చదును పటంగా మార్చే పద్ధతి. డిగ్రీల్లో ఉన్న పటం మీదే గడులు గీస్తే వాటి వైశాల్యం సమానంగా ఉండదు. భూమధ్యరేఖ దగ్గర రేఖాంశం ఒక డిగ్రీ 111 కి.మీ. అయితే, 60 డిగ్రీల అక్షాంశం దగ్గర అందులో సగమే. సమవైశాల్య ప్రొజెక్షన్‌లోకి మార్చాకే గడులు గీయాలి. రెండోది గడి జనాభా. చాలా డేటాసెట్లలో అది ఎవరో తలలు లెక్కపెట్టిన సంఖ్య కాదు. వార్డు జనాభాను భవనాలు కనిపించిన చోటల్లా పంచిన అంచనా. పెద్ద గోదాముల మీద కూడా జనం వాలిపోతారు. ఫ్యాక్టరీలు, విమానాశ్రయాలు ఉన్న గడులను ఉపగ్రహ చిత్రం మీద పెట్టి ఒకసారి కంటితో చూసుకోవాల్సిందే.

ప్రశ్న: జనాభాను విస్తీర్ణంతో భాగిస్తే మా నగరం సాంద్రత చ.కి.మీ.కు 5,000 వస్తోంది. వీధుల్లోకి వెళ్తే అంతకంటే ఎంతో కిక్కిరిసి కనిపిస్తోంది. లెక్క తప్పా, కళ్లు తప్పా?

జవాబు: లెక్క తప్పు కాదు. అది జవాబు చెబుతున్న ప్రశ్న మీరు అడిగింది కాదు, అంతే. నగరంలో రెండే వార్డులున్నాయి అనుకుందాం. ఒకటి 2 చ.కి.మీ., అందులో 60,000 మంది. ఇంకొకటి 18 చ.కి.మీ., అందులో 40,000 మంది. మొత్తం లక్ష మందిని 20తో భాగిస్తే 5,000. కానీ మొదటి వార్డు సాంద్రత 30,000, రెండోదానిది సుమారు 2,200. నూటికి 60 మంది ఉంటున్నది ఆ ముప్ఫై వేల చోట. ప్రతి వార్డు సాంద్రతనూ అక్కడి జనాభా వాటాతో గుణించి కలపండి: 0.6 × 30,000, దానికి 0.4 × 2,222 కలిపితే సుమారు 18,900. సగటు మనిషి చూస్తున్న సాంద్రత ఇది. 5,000 అన్నది సగటు ఎకరం చూస్తున్న సాంద్రత. బస్సులు, బడులు, ఆసుపత్రుల గురించి రాస్తుంటే మొదటిదే వాడండి.

మరో తేడా కూడా గుర్తుంచుకోండి. చెరువులు, రోడ్లు, పార్కులు, సైనిక స్థలాలు అన్నీ కలిపి భాగిస్తే స్థూల సాంద్రత, నివాస స్థలాలతో మాత్రమే భాగిస్తే నికర సాంద్రత. ఒకరి స్థూల సంఖ్యను ఇంకొకరి నికర సంఖ్యతో పోల్చిన ప్రణాళికా నివేదికలు కనిపిస్తూనే ఉంటాయి. పట్టిక కింద ఏ సాంద్రతో రాయకపోతే ఆ సంఖ్యను వాడకపోవడమే మేలు.

వార్డులు ఎలా విడదీశారన్నది కూడా ఫలితాన్ని మారుస్తుంది. 1934లోనే గెల్కె, బీల్ అనే ఇద్దరు క్లీవ్‌లాండ్‌ను జనగణన కోసం విడదీసిన చిన్న ప్రాంతాలతో ఇది చూపించారు. అద్దెకూ బాలనేరాలకూ మధ్య సహసంబంధాన్ని ఆ చిన్న ప్రాంతాలతో లెక్కిస్తే ఒక మోస్తరుగా వచ్చింది. పక్కపక్క ప్రాంతాలను కలిపి పెద్దవి చేసుకుంటూ పోతే అదే సంబంధం బలపడుతూ వచ్చింది. మనుషులు మారలేదు, గీతలే మారాయి. అందుకని మీ విశ్లేషణను కనీసం రెండు కొలమానాల్లో, ఉదాహరణకు వార్డుల్లోనూ 500 మీటర్ల గడుల్లోనూ చేసి, రెండు ఫలితాలూ రాయండి. రెండింటిలోనూ నిలిచిన ముగింపు నమ్మదగ్గది. ఒకదానిలోనే కనిపించి రెండోదాంట్లో మాయమైతే మీరు కనిపెట్టింది వార్డుల గీతనే. ఇంకొక జాగ్రత్త: పేద వార్డుల్లో ఫలానా జబ్బు ఎక్కువ అని తేలితే, పేదవాళ్లకే ఆ జబ్బు ఎక్కువ అని రాసేయకండి. వార్డు సంగతి మనిషికి అంటగట్టడం అవుతుంది. 1950లో రాబిన్సన్ ఈ పొరపాటును లెక్కలతో బయటపెట్టినా ఇప్పటికీ అది ఆగలేదు.

ప్రశ్న: పాఠ్యపుస్తకంలో వలయాలు, సెక్టార్లు, బహుకేంద్రాల నమూనాలు ఉన్నాయి. మా నగరం వాటిలో దేనిలాగానూ లేదు. ఇవి ఇంకా చదవాలా?

జవాబు: చదవాలి గానీ బొమ్మల్ని బట్టీ పట్టడం వల్ల ఒరిగేదేమీ లేదు. బర్గెస్ 1925లో వలయాలు గీసింది షికాగోను చూసి. వలస వచ్చినవాళ్లు నడిబొడ్డున దిగి, నాలుగు డబ్బులు వచ్చాక బయటికి జరిగే ఊరది. హోయ్ట్ 1939లో 142 అమెరికా నగరాల అద్దె వివరాలు పరిచి చూస్తే ఖరీదైన ఇళ్లు వలయంలా కాకుండా రైలు, రోడ్డు మార్గాల వెంట బయటికి సాగిన చీలికల్లా కనిపించాయి. హారిస్, ఉల్మన్ 1945లో ఒకే నడిబొడ్డు ఉండాలన్న ఊహను వదిలేశారు. మూడింటిలోంచీ తీసుకోవాల్సింది ఒకే ప్రశ్న: ఇక్కడ నేల కోసం ఎవరెవరు పోటీ పడుతున్నారు, ఎవరు ఎంత ఇవ్వగలరు?

పోటీ లేనిచోట ఏమవుతుందో మాస్కో చూపిస్తుంది. సోవియట్ కాలంలో నేలకు ధర లేదు. కేంద్రానికి దగ్గరున్న పాత ఫ్యాక్టరీలను కదిలించాల్సిన అవసరం ఎవరికీ రాలేదు. కొత్త ఇళ్లన్నీ అంచుల్లో, అదీ ఎత్తైన వరసల్లో లేచాయి. బెర్టో, రెనో అనే పరిశోధకులు గీసిన సాంద్రత రేఖ బయటికి పోయేకొద్దీ తగ్గాల్సింది పోయి పెరిగింది.

మీ నగరంలో ఆ రేఖ ఎలా ఉందో గీయడం తేలికే. కాలిన్ క్లార్క్ 1951లో చెప్పినదాని ప్రకారం కేంద్రం నుంచి దూరం పెరిగేకొద్దీ సాంద్రత ఘాతీయంగా తగ్గుతుంది. కేంద్రం చుట్టూ 1 కి.మీ. తేడాతో వృత్తాలు గీసి, ప్రతి వలయంలో జనాభాను నేల వైశాల్యంతో భాగించి, ఆ సాంద్రతకు సహజ లాగరిథమ్ తీసి, దూరంతో సరళరేఖ అమర్చండి. కేంద్ర సాంద్రత 30,000, వాలు కిలోమీటరుకు 0.15 అని వచ్చిందనుకోండి. 5 కి.మీ. దగ్గర సుమారు 14,200, 10 దగ్గర 6,700, 20 దగ్గర 1,500 ఉండాలి. 4.6 కి.మీ.కోసారి సాంద్రత సగమవుతుందన్నమాట.

ఇందులో రెండు మెలికలున్నాయి. నడిబొడ్డున ఆఫీసులు, దుకాణాలే తప్ప ఇళ్లు తక్కువ కాబట్టి మొదటి ఒకటి రెండు వలయాలు రేఖకు కిందే ఉంటాయి. వాటిని రేఖలో కలిపితే వాలు తక్కువగా వస్తుంది. ఇక సముద్రమో పెద్ద చెరువో ఉంటే వలయం వైశాల్యంలోంచి నీటిని తీసేయాలి. 5–6 కి.మీ. వలయం పూర్తిగా 34.6 చ.కి.మీ. అందులో సగం నీరైతే 17.3తోనే భాగించాలి. ఇది మరిచిపోయి, తీరప్రాంత నగరాల్లో జనం పలచగా ఉంటారని తేల్చినవాళ్లు లేకపోలేదు.

ప్రశ్న: ఒక ప్రధాన రోడ్డును వైపుకు రెండు లేన్ల నుంచి మూడుకు పెంచారు. ఏడాది తిరక్కుండానే మళ్లీ అదే రద్దీ. ఎందుకు?

జవాబు: ముందు కూడలి చూడండి. రోడ్డు మోయగలిగింది దాని నడుమ ఉన్న వెడల్పును బట్టి కాదు, సిగ్నల్ దగ్గర ఎన్ని బళ్లు దాటగలవన్నదాన్ని బట్టి ఉంటుంది. పచ్చలైటు ఉన్నప్పుడు ఒక లేన్‌లోంచి రెండు సెకన్లకు ఒక కారు చొప్పున దాటుతుంది. సిగ్నల్ చక్రం 120 సెకన్లు, అందులో మీ వైపు పచ్చ 40 సెకన్లు అయితే చక్రానికి 20 కార్లు. గంటకు 30 చక్రాలు కాబట్టి లేన్‌కు 600. కూడలి దగ్గర భవనాలు అడ్డొచ్చి అక్కడ రెండు లేన్లే మిగిలితే, వెనక ఎన్ని లేన్లు వేసినా గంటకు దాటేది 1,200.

గంటకు 1,500 కార్లు వస్తున్నాయనుకోండి. గంట చివరికి 300 కార్లు ఆగిపోతాయి. కారుకు 7 మీటర్ల చొప్పున రెండు లేన్లలో ఆ వరస 1,050 మీటర్లు, మూడు లేన్లలో 700 మీటర్లు. వరస పొట్టిదైంది. ఆ వరస చివర చేరినవాడు ఆగాల్సిన సమయం మాత్రం రెండు సందర్భాల్లోనూ 15 నిమిషాలే. రోడ్డు తెరిచిన మొదటి వారం ఫొటోలు చూసి అందరూ సంతోషించేది ఈ పొట్టి వరసకే.

కూడలిని కూడా వెడల్పు చేశారనుకుందాం. అప్పుడు రెండో సంగతి ముందుకొస్తుంది. ఇన్నాళ్లూ రద్దీకి భయపడి వేరే దారిన, వేరే వేళలో, బస్సులో రైల్లో వెళ్తున్నవాళ్లు ఈ రోడ్డుకు మళ్లుతారు. ఆంథొనీ డౌన్స్ 1962లోనే ఈ విషయం చెప్పాడు. 2011లో డ్యూరాంటన్, టర్నర్ అమెరికా నగరాల లెక్కలు తీస్తే అంతర్రాష్ట్ర రహదారుల లేన్ల పొడవు 10 శాతం పెరిగిన చోట బళ్లు తిరిగిన దూరం కూడా దాదాపు అంతే పెరిగింది. దీని అర్థం రోడ్డు దండగ అని కాదు. ఎక్కువమంది ప్రయాణిస్తున్నారు, అది లాభమే. రద్దీ తగ్గుతుందన్న మాటే నిలబడదు.

రద్దీ తగ్గిన నగరాలు ఉన్నాయి, అక్కడ పని చేసింది ధర. స్టాక్‌హోమ్ 2006 జనవరి నుంచి జులై వరకు నడి నగరంలోకి వచ్చే బళ్ల మీద ప్రయోగంగా రుసుము పెట్టింది. గీత దాటే వాహనాలు సుమారు 20 శాతం తగ్గాయి. ప్రయోగం ఆగగానే చాలావరకు తిరిగొచ్చాయి. 2007 ఆగస్టులో రుసుము శాశ్వతమయ్యాక మళ్లీ తగ్గాయి. పెట్టడం, తీసేయడం, మళ్లీ పెట్టడం, ఇంత శుభ్రమైన పరీక్ష నగరాల విషయంలో అరుదుగా దొరుకుతుంది.

మీరే లెక్క తీయదలిస్తే వారం మధ్యలో, సెలవు లేని రోజుల్లో, 15 నిమిషాల ముక్కలుగా బళ్లను లెక్కించండి. గంటకోసారి మొత్తం రాసుకుంటే అసలు రద్దీ అందులో కరిగిపోతుంది. కూడలి దాటిన బళ్లను మాత్రమే లెక్కిస్తే అది గిరాకీ కాదు, కూడలి సామర్థ్యం. వరస చివర కూడా ఒక మనిషిని నిలబెట్టాలి.

ప్రశ్న: ఉపగ్రహ చిత్రాలతో పదేళ్లలో నగరం ఎంత పెరిగిందో చూస్తున్నాను. ఖాళీ పొలాలన్నీ కట్టడాల్లా వస్తున్నాయి. ఎలా సరిదిద్దాలి?

జవాబు: మీరు వాడుతున్నది ఎన్‌డీబీఐ అనే, కట్టడాలను గుర్తించే సూచిక అయి ఉంటుంది. అంటే షార్ట్‌వేవ్ ఇన్‌ఫ్రారెడ్‌లోంచి నియర్ ఇన్‌ఫ్రారెడ్‌ను తీసేసి, ఆ రెండింటి మొత్తంతో భాగించడం. ల్యాండ్‌శాట్ 8 ఉపగ్రహ చిత్రాల్లో అవి 6, 5 బ్యాండ్లు, సెంటినెల్ 2 చిత్రాల్లో 11, 8 బ్యాండ్లు. ఎండిన మట్టి, దున్నిన చేను ఈ రెండు బ్యాండ్లలోనూ కాంక్రీటులాగే ప్రవర్తిస్తాయి. పైరు నిలబడి ఉన్న నెలల చిత్రం తీసుకుంటే సగం సమస్య తీరుతుంది. మిగతా సగానికి ఏడాది పొడవునా ఉన్న చిత్రాల్లో ఒక్కసారైనా పచ్చగా కనిపించిన పిక్సెల్‌ను కట్టడం కాదని తీసేయండి. రెండు సంవత్సరాలకూ ఒకే రుతువు చిత్రాలుండాలి.

రెండు వర్గీకరణ పటాలను ఒకదాంట్లోంచి ఒకటి తీసేసి మార్పు లెక్కించడం ప్రమాదం. ఒక్కోటి 85 శాతం సరైనదైతే, తప్పులు వేర్వేరు చోట్ల పడినప్పుడు రెండూ సరిగ్గా ఉన్న పిక్సెళ్లు 0.85 × 0.85, అంటే 72 శాతమే. మారినట్టు కనిపించిన నేలలోంచి విడిగా కనీసం 50 బిందువులు ఏరి, స్పష్టమైన చిత్రం మీద ఒక్కొక్కటీ చూసి, మార్పు నిజమా కాదా రాసుకోవాలి. విసుగు పుట్టించే పనే, దీనికి దగ్గరి దారి లేదు.

నేల వాడకం పెరిగిన వేగాన్ని జనాభా పెరిగిన వేగంతో పోల్చడానికి ఐక్యరాజ్యసమితి సుస్థిరాభివృద్ధి లక్ష్యాల్లో 11.3.1 సూచిక ఉంది. కట్టడాలున్న నేల 80 నుంచి 120 చ.కి.మీ. అయిందనుకోండి. పెరిగిన 40ని 80తో, ఆపై 10 ఏళ్లతో భాగిస్తే 0.05. జనాభా 6 లక్షల నుంచి 7.8 లక్షలైతే 1.3కి సహజ లాగరిథమ్ 0.262, పదితో భాగిస్తే 0.0262. మొదటిదాన్ని రెండోదాంతో భాగిస్తే 1.9. మనుషులకంటే నేల దాదాపు రెండింతల వేగంతో ఖర్చవుతోంది. జనాభా దాదాపు నిలకడగా ఉన్న నగరంలో ఈ భాగహారం ఎక్కడికో ఎగిరిపోతుంది. అప్పుడు తలసరి కట్టడ నేలను చదరపు మీటర్లలో ఇవ్వడం మంచిది: పై ఉదాహరణలో 133 నుంచి 154. ఇక పదేళ్ల మధ్య చుట్టుపక్కల గ్రామాలను విలీనం చేసి ఉంటే, రెండు సంవత్సరాలకూ కొత్త హద్దునే వాడండి.

ప్రశ్న: మా జిల్లా కేంద్రం దేని మీద బతుకుతోందో చెప్పడానికి లెక్క ఉందా?

జవాబు: ఉంది, లొకేషన్ కోషెంట్. నగరంలో ఒక రంగం వాటాను దేశంలో అదే రంగం వాటాతో భాగించడం. మొత్తం 2 లక్షల ఉద్యోగాల్లో 24,000 బట్టల తయారీలో ఉంటే 12 శాతం. దేశంలో 4 శాతమైతే కోషెంట్ 3. దేశపు వాటా ప్రకారం ఉండాల్సినవి 8,000, మిగతా 16,000 బయటివాళ్లకు అమ్మే సరుకు మీద ఆధారపడిన ఉద్యోగాలని అంచనా. ఇలా అన్ని రంగాల్లో మిగులును కలిపితే నగరం బయట నుంచి తెచ్చుకునే సంపాదన ఎక్కడుందో తెలుస్తుంది.

అంచనా అన్న మాట మరవకండి. అందరూ ఒకేలా కొంటారు, ఒకేలా ఉత్పత్తి చేస్తారు అన్న ఊహ ఇందులో దాగి ఉంది. రంగాలను ముతకగా విభజిస్తే ప్రత్యేకత కనపడదు. ‘తయారీ’ అని ఒకే పెట్టెలో వేస్తే కోషెంట్ 1 చుట్టూ తిరుగుతుంది, ‘నేత’, ‘అద్దకం’ అని విడదీస్తే 5 రావచ్చు. ఇళ్లలో, చిన్న షెడ్లలో రిజిస్టరు కాని పనివాళ్లు ఎక్కువున్న చోట సంస్థల జాబితా మీద ఆధారపడితే సగం నగరం లెక్కలోకే రాదు. కుటుంబాల సర్వేలోంచి ఉద్యోగ వివరాలు తీసుకోండి.

ప్రశ్న: ఒక వీధిలో నడిచేవాళ్లను లెక్కించాలి. రోజంతా నిలబడాలా?

జవాబు: అక్కర్లేదు. వీధికి అడ్డంగా ఒక ఊహాగీత ఎంచుకుని ప్రతి గంటలో 10 నిమిషాలు లెక్కించి ఆరుతో గుణించండి. ఉదయం నుంచి రాత్రి వరకు, ఒక పనిదినం, ఒక సెలవురోజు. వాన పడిన రోజును లెక్కలోంచి వదిలేసి ఇంకో రోజు తీసుకోండి. బడి వదిలే వేళ, సినిమా వదిలే వేళ లాంటి కుదుపులుంటే ఆ గంట మొత్తం నిలబడాలి, లేకపోతే ఆరుతో గుణించినప్పుడు తప్పు కూడా ఆరింతలవుతుంది.

దాటిపోయేవాళ్లతో పాటు ఆగినవాళ్లను వేరుగా రాయండి: కూర్చున్నవాళ్లు, నిలబడి మాట్లాడేవాళ్లు, ఏదో కొంటున్నవాళ్లు. దీనికి గంటకోసారి వీధి చివరిదాకా నడుస్తూ ఆ క్షణంలో ఎవరు ఎక్కడున్నారో పటం మీద చుక్క పెట్టడమే పద్ధతి. పట్టణ పరిశోధకుడు విలియం వైట్ న్యూయార్క్ ప్లాజాలను కెమెరాలతో గమనించినప్పుడు ఎక్కువమంది చేరిన చోట్లకు కూర్చునే జాగాతోనే బలమైన సంబంధం కనిపించింది, స్థలం ఎంత పెద్దదన్నదానితో కాదు.

ప్రశ్న: జనం తగ్గిపోతున్న నగరంలో నీటికీ డ్రైనేజీకీ ఖర్చు తగ్గాలి కదా. పెరుగుతోందంటారు, ఎలా?

జవాబు: జనం పోయినా పైపులు పోవు. డెట్రాయిట్ జనాభా 1950లో 18.5 లక్షలు, 2020లో 6.4 లక్షలు. నగరం వైశాల్యం అంతే, సుమారు 360 చ.కి.మీ. అప్పట్లో ముగ్గురు పంచుకున్న పైపు ఖర్చు ఇప్పుడు ఒక్కడి మీద పడుతోంది.

ఖర్చొక్కటే అయితే సరే, పని కూడా చెడుతుంది. 300 మి.మీ. వ్యాసం, 5 కి.మీ. పొడవున్న మంచినీటి పైపులో సుమారు 353 ఘనపు మీటర్ల నీరు పడుతుంది. రోజుకు 700 ఘనపు మీటర్లు వాడితే నీరు పన్నెండు గంటల్లో కుళాయికి చేరుతుంది. వాడకం 175కు పడిపోతే రెండు రోజులు పైపులోనే ఉంటుంది. ఆ లోగా క్లోరిన్ కరిగిపోతుంది, వాసన, సూక్ష్మజీవులు మొదలవుతాయి. పోనీ సన్నటి పైపు వేద్దామంటే అగ్నిమాపక హైడ్రెంట్లకు కావాల్సిన ప్రవాహం అడ్డొస్తుంది. డ్రైనేజీలో మరో తంటా. మురుగు సెకనుకు సుమారు 0.6 మీటర్ల వేగంతో సాగితేనే మడ్డి కింద పేరుకోకుండా కొట్టుకుపోతుంది. ప్రవాహం తగ్గితే అదక్కడే గట్టిపడుతుంది. 1990 తర్వాత తూర్పు జర్మనీ నగరాల్లో ఫ్యాక్టరీలు మూతపడి, జనం వెళ్లిపోయి, నీటి వాడకం పడిపోయినప్పుడు మంచినీటితోనే మురుగు పైపులను కడగాల్సి వచ్చింది.

అంచుల్లోని వీధులు మూసేసి నగరాన్ని లోపలికి జరపవచ్చు కదా అనిపిస్తుంది. జనం అలా వరసగా అంచునుంచి ఖాళీ చేయరు. ఒక వీధిలో నాలుగిళ్లు, పక్క వీధిలో రెండు, అక్కడక్కడా చిల్లుల్లా ఖాళీ అవుతుంది. వీధి చివర ఒక్క కుటుంబం మిగిలినా ఆ పైపు నడవాల్సిందే. అందుకే ఈ అంశం మీద పనిచేసేవాళ్లు వార్డు జనాభా చూడరు. పైపు కొమ్మలవారీగా, ఒక్కో వాల్వ్ తర్వాత ఎన్ని కనెక్షన్లు బతికున్నాయో లెక్కిస్తారు. మూసేయడానికి వీలున్న కొమ్మలు ఆ పట్టికలోనే బయటపడతాయి. పట్టిక పెట్టుకునే ముందు తూర్పు జర్మనీలోనే లైప్‌జిగ్‌ను కూడా చూడండి. 1989 నాటి 5.3 లక్షల నుంచి పదేళ్లలోపే 4.4 లక్షల దాకా పడిపోయిన ఆ నగరం ఇప్పుడు 6 లక్షలు దాటింది. తవ్వి తీసేసిన పైపును మళ్లీ వేయాల్సి రావచ్చు. వాల్వ్ కట్టి వదిలిన పైపును కడిగి, పరీక్షించి తెరుచుకోవచ్చు.